చెరువు కట్ట నుండి పొదుపు పెట్టె వరకు

ఈ శతవార్షికోత్సవ సంచికలో మన సంఘముల పుట్టుకను గురించి, కాపరుల సేవను గురించి, ఆలయ నిర్మాణములను గురించి పెద్దలు వ్రాయుచున్నారు. వడమాలపేట సంఘస్థులమైన మాకు అప్పగింపబడిన విషయము వేరు. మనుష్యులు ఒకరికొకరు తోడై, రాబోవు తరములకు నిలిచే బ్రతుకును ఎట్లు కట్టుకొనగలరు అన్నది ఆ విషయము. ప్రసంగమైతే ఐకమత్యము గొప్పదని చెప్పి కూర్చొనవచ్చును. చరిత్ర వ్రాయువారికి అది చాలదు. ఎవరు ఎవరికి సాయపడ్డారు, ఎంత, ఏ షరతు మీద, తుదకు ఏమైనది అని చెప్పవలెను. అందుచేత మంచి మాటలను తగ్గించి, మన ప్రాంతములో జరిగిన సంగతులనే చెప్పదలచినాము.

రేణిగుంటకు, పుత్తూరుకు నడుమనున్న మన వడమాలపేట ఇప్పుడు తిరుపతి జిల్లాలోనిది. 2022 ఏప్రిల్ వరకు చిత్తూరు జిల్లాలోనిది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు ఇదంతయు ఉత్తర ఆర్కాటు. జిల్లాల పేర్లు మారినవి గాని నీటి సంగతి మారలేదు. మనకు గోదావరి లేదు, కృష్ణ లేదు. వాన పడిననాడు పారి, మిగిలిన దినములు ఇసుకగా నుండే ఏరులు, ఆ నీటిని పట్టి నిలుపుకొను చెరువులు, ఇవే మన ఆస్తి. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో సుమారు 8,000 చెరువులు ఉన్నట్లు లెక్క. ఒక చెరువు మొరవ పారిన నీరు దిగువ చెరువులోనికి, దాని మొరవ నీరు ఆ క్రింది చెరువులోనికి పోవునట్లు గొలుసుగా కట్టినారు. పై ఊరివారు కట్ట తెగనిచ్చిన క్రింది ఊరు మునుగును. పై ఊరివారు కాలువ పూడనిచ్చిన క్రింది ఊరు ఎండును. ఇరుగు పొరుగు మేలు వేరువేరు కాదని ఏ గ్రంథము చదువకుండనే మన రైతుకు తెలిసినది ఈ గొలుసు వలననే.

ఏడాదికొకసారి ఊరి వారందరు కలిసి కట్టకు మన్ను వేయుట, కాలువలో పూడిక తీయుట, తూము చూచుకొనుట పూర్వపు ఆచారము. దీనిని కుడిమరామత్తు అనేవారు. కుంపణీ వారి ప్రభుత్వము వచ్చిన తరువాత ఈ కట్టుబాటు సడలినది. 1858లో మద్రాసు రాజధానికి వర్తించునట్లు వచ్చిన ఒక చట్టము, ఊరివారు ఆచారము ప్రకారము చేయవలసిన పనికి రానిచో బలవంతముగా చేయించుటకు అధికారులకు హక్కునిచ్చినది. తోడ్పాటును చట్టముతో పుట్టించబోయిన ప్రయత్నములలో ఇది మొదటిదని చెప్పవచ్చును. చివరిది మాత్రము కాదు.

ఇక్కడ ఒక మాట దాచకుండ చెప్పవలసియున్నది. పాత కాలపు గ్రామ సహకారమును గురించి పుస్తకములలో తీయగా వ్రాయుదురు. మన సంఘములలో చాలమంది తాతముత్తాతలు ఆ కట్ట మీద తట్ట మోసిన వారు. తూము దగ్గర రాత్రింబగళ్లు కావలి కాచి మడి మడికి నీరు పారించిన నీరుగంటి తరచు పల్లెకు దూరముగా కాపురమున్న మన ఇంటివాడే. కాని ఆయకట్టు క్రింద సెంటు భూమి వానికి లేదు. కట్ట త్రవ్విన చేతులకు ఊరి బావిలో చేద వేయు హక్కు లేదు. వెట్టి వేరు, సహకారము వేరు. ఒకడు మోయగా ఒకడు త్రాగునది సహకారము కాదు. కనుక వెనుకటి దినములు తిరిగి రావలెనని మేము కోరుట లేదు. అందులో నేర్చుకొనదగినది కొంత గలదు, అంతే.

పేదల నడుమ సమానముగా నడిచిన తోడ్పాటు వేరే ఉండెను. దానికి చట్టము లేదు, పెద్దరికము లేదు. నాట్లకు, కలుపులకు కూలికి పెట్టుకొను శక్తి లేని ఇండ్లవారు ముయ్యికి పోయెడివారు. ఈ దినము మీ చేను, రేపు మా చేను. పెండ్లిండ్లలో చదివింపులు వ్రాసిన పుస్తకము కూడ అట్టిదే. ఎవరు ఎన్ని రూపాయలు, ఎన్ని పడుల బియ్యము చదివించినది అందులో ఉండును. వారి ఇంట శుభకార్యము జరిగిననాడు ఆ పుస్తకము తీసి చూచి, దానికి తగ్గకుండ, వీలైన ఒక రూపాయి ఎక్కువగా చదివింతురు. వడ్డీ అనే మాట ఎవరును ఎత్తరు. ఆ ఒక రూపాయి ఏమిటని మేము కూడ అడుగము.

అయితే ఊరంతటికి ఒక్కసారి కష్టము వచ్చిననాడు ఈ ఏర్పాటులు ఆగలేదు. అందరి చేలును ఎండినప్పుడు ఎవరు ఎవరికి ముయ్యి పోగలరు? 1876 మొదలు 1878 వరకు మద్రాసు రాజధానిలో వచ్చిన ధాత నామ సంవత్సరపు కరువు అట్టిది. అప్పటికే పుత్తూరు, రేణిగుంటల మీదుగా రైలు నడుచుచున్నది. ధాన్యము రైలు మీద రాగలదు గాని, కొనుటకు చేతిలో డబ్బు లేని వారికి రైలు ఏమి చేయగలదు? లక్షల మంది చనిపోయిరి. ఆ కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనెరీ జాన్ క్లౌ గారు బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్న వారికి ఉచిత భోజనమునకు బదులు కూలి పని చూపినారు. అన్నము కొరకు మతము పుచ్చుకొన్నారను మాట రాకుండునట్లు కరువు కాలమందు బాప్తిస్మములు కూడ ఆపివేసినారు. దానమునకు, తోడ్పాటునకు గల తేడా ఆయనకు తెలిసినట్లున్నది.

కరువు పోయిన తరువాత మిగిలినది అప్పు. విత్తనమునకు అప్పు, ఎద్దులకు అప్పు, ఆ అప్పు వడ్డీకి మరియొక అప్పు. ఈ ముడిని విప్పుట ఎట్లని ప్రభుత్వము వారు ఆలోచించి, 1890లలో ఫ్రెడరిక్ నికల్సన్ అను ఐ.సి.ఎస్. అధికారిని విచారణకు నియమించినారు. ఆయన ఐరోపా దేశములలోని రైతు బ్యాంకులను పరిశీలించి, 1895లో ఒకటి, 1897లో ఒకటిగా రెండు పెద్ద సంపుటముల నివేదిక ఇచ్చినారు. అంత పెద్ద నివేదికకు ఆయన చివరకు తేల్చిన సారము చిన్నది. పద్ధతులకన్న ముందు రైఫైజన్ వంటి మనిషిని వెదకి పట్టుకొనుడని దాని భావము. ఈ నికల్సన్ గారే తరువాత మద్రాసు చేపల శాఖను నడిపిరి. అది వేరే కథ.

ఆ రైఫైజన్ ఎవరు? మన సంఘస్థులు తెలిసికొనదగిన పేరు ఇది. ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ రైఫైజన్ 1818లో జర్మనీలో జన్మించి, భక్తిగల ప్రొటెస్టెంటు కుటుంబములో పెరిగినవాడు. చిన్న చిన్న గ్రామములకు మేయరుగా పనిచేసినాడు. 1846-47 చలికాలములో అక్కడ పంటలు పోయి ఆకలి వచ్చినది. ఆయన ఊరిలో కలవారిని కూడగట్టి, సొమ్ము పోగుచేసి, ఉమ్మడిగా రొట్టెలు కాల్పించి, పేదలకు తక్కువ వెలకు, అరువుగా ఇప్పించినాడు. ఆ తరువాత 1854లో హెడ్డెస్‌డార్ఫ్ అను ఊరిలో ఒక ధర్మ సంఘమును పెట్టించినాడు. కలవారు పూచీపడుదురు, లేనివారు పుచ్చుకొందురు. అనాథ పిల్లలను చూచుట మొదలు ఎన్నో మంచి పనులు తలపెట్టిరి.

ఆ సంఘము ఎక్కువ కాలము నిలువలేదు. మొదటి ఉత్సాహము తగ్గగానే కలవారు ఒక్కొక్కరుగా తప్పుకొనిరి. ఈ సంగతి చదివినప్పుడు మాకు మన సంఘములలో పుట్టి మాయమైన ఎన్నో నిధులు జ్ఞాపకము వచ్చినవి. రైఫైజన్ మాత్రము మనుష్యులు చెడిపోయిరని నిట్టూర్చి ఊరుకొనలేదు. ఏర్పాటులోనే లోపమున్నదని గ్రహించినాడు. 1864లో ఆ సంఘమును మార్చి, అప్పు పుచ్చుకొను రైతులే సభ్యులుగా నుండే పరపతి సంఘముగా చేసినాడు. ఇచ్చువారు, పుచ్చుకొనువారు అను రెండు తరగతులు పోయినవి.

ఆయన పద్ధతి వివరముగా చెప్పదగినది. సంఘము ఒక గ్రామమునకు, లేదా ఒకరినొకరు ఎరిగినంత మేరకే ఉండవలెను. సభ్యులందరు తమ ఆస్తి అంతటితో ఒకరి బాకీకి ఒకరు పూచీపడవలెను. ఇది వినుటకు భయముగా నున్నది. కాని ఆ భయములోనే కీలకమున్నది. పొరుగువాడు ఎద్దు కొనుటకు తీసికొన్న అప్పు త్రాగుడుకు పోయిన నా పొలము మీదికి వచ్చును గనుక, నేను అతని ఎద్దును చూచి వత్తును. అతడును నా ఎద్దును చూచి పోవును. కార్యవర్గమునకు జీతములు లేవు. అప్పు దేనికని అడిగి, పనికి వచ్చు పనికే ఇత్తురు. వచ్చిన లాభమును పంచుకొనక ఉమ్మడి నిధిగా నిలుపుదురు. రైఫైజన్ తరువాతి కాలములో దాదాపు గ్రుడ్డివాడై, కుమార్తె సహాయముతో చదువు వ్రాతలు జరుపుకొనుచు, 1888లో చనిపోవు వరకు ఈ పనిలోనే ఉండెను.

ఆయన హెడ్డెస్‌డార్ఫ్‌లో సంఘమును మార్చిన మరుసటి ఏడు, 1865లో, అదే జర్మనీ నుండి హెర్మన్స్‌బర్గ్ మిషను వారు సూళ్లూరుపేటలో పని ప్రారంభించినారు. కాలక్రమమున ఆ పని తిరుపతి, పుత్తూరుల వైపు వచ్చినది. ఆ మిషనెరీలు బడి తెచ్చిరి, వైద్యము తెచ్చిరి, ఆరాధన తెచ్చిరి. తమ దేశములో అప్పుడే పుట్టిన పరపతి సంఘము మాత్రము వారి పెట్టెలో రాలేదు. అది వేరే దారిన, సర్కారు నివేదిక రూపమున వచ్చినది. ఇట్లు గాక సంఘము ద్వారా వచ్చియుండిన కథ మరియొక విధముగా నుండెడిదేమో అని మాకు అప్పుడప్పుడు తోచును.

సర్కారు దారిన వచ్చిన దాని సంగతి చూతము. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది. ఆ ఏడే మద్రాసు రాజధానిలో మొదటి సంఘము తిరువళ్లూరు దగ్గర తిరూరు గ్రామములో రిజిస్టరైనది. పుత్తూరులో రైలెక్కి అరక్కోణము మీదుగా పోయిన ఆ ప్రాంతము చేరవచ్చును. అంత దగ్గర. 1912లో మరియొక చట్టముతో పరపతియే గాక ఇతర పనులకు కూడ సంఘములు పెట్టుకొనుటకు వీలైనది. పేరు, నియమావళి, రిజిస్టరు అన్నియు వచ్చినవి. నికల్సన్ గారు వెదకుమన్న మనిషి సంగతి ఎవరును అంతగా పట్టించుకొన్నట్లు లేదు.

ఫలితము 1951-52లో తెలిసినది. రిజర్వు బ్యాంకు వారు దేశమంతట జరిపించిన గ్రామీణ పరపతి సర్వే నివేదిక 1954లో వెలువడినది. రైతు తెచ్చుకొన్న ప్రతి నూరు రూపాయల అప్పులో సహకార సంఘముల నుండి వచ్చినది మూడు రూపాయల చిల్లర. వడ్డీ వ్యాపారుల నుండి వచ్చినది సుమారు డెబ్బది. అర్ధ శతాబ్ది ప్రయత్నము తరువాత లెక్క ఇది. సహకారము ఓడినదని, అయినను అది గెలిచి తీరవలెనని ఆ నివేదిక వారు తేల్చినారు. గెలిపించుటకు ప్రభుత్వము వాటాధనము పెట్టవలెనన్నారు. ప్రభుత్వము వాటా పెట్టినది. వాటాతో బాటు అధికారము వచ్చినది. మన రాష్ట్రములో 1964 చట్టము క్రింద పాలక వర్గములను తొలగించుటకు, ఎన్నికలు లేనిచోట పర్సన్ ఇన్‌చార్జిలను కూర్చుండబెట్టుటకు వీలు కలిగినది. సంఘము మనదన్న భావము పోయి, అది ఆఫీసు అయినది. ఆఫీసు అప్పు తీర్చకపోయినంత మాత్రమున పొరుగువానికి ద్రోహము చేసినట్లు ఎవరికిని తోచదు గదా.

అయినను ఆ దినములలో మంచి జరుగలేదని అనలేము. గాజులమండ్యములోని శ్రీ వేంకటేశ్వర సహకార చక్కెర కర్మాగారమునకు ఈ చుట్టుప్రక్కల రైతుల చెరకు బండ్లు వరుసలు కట్టినవి. చిత్తూరు పాల సహకార సంఘము కరువు ఏండ్లలో కూడ ఇండ్లకు పాల డబ్బును తెచ్చినది. వాన లేనప్పుడు పంట ఉండదు గాని ఆవు ఉండును. ఈ జిల్లా ఆడవారికి ఆ సంగతి బాగుగా తెలియును. చిత్తూరు డెయిరీ 2002లో మూతబడినది. గాజులమండ్యములో గానుగ ఆగి కూడ ఏండ్లు గడిచినవి. కారణములు ఎవరి వాదన వారిది. అవి మూతబడిననాడు సభ్యులమైన మనము యజమానులవలె దుఃఖించినామా, లేక బాకీ రావలసిన కూలీలవలె దుఃఖించినామా అన్నదే మేము మమ్మును అడుగుకొన్న ప్రశ్న.

తిరిగి ప్రాణము పోసినది మగవారు కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట వయోజన విద్యకు వచ్చిన స్త్రీలు అక్షరములు నేర్చుకొనుచు తమ కష్టమునకు మూలము సారాయి అని తేల్చుకొనిరి. రోశమ్మగారు మున్నగువారు మొదలుపెట్టిన ఆ పోరాటము రాష్ట్రమంతట వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధము వచ్చినది. సారాయి అంగడికి పోకుండ మిగిలిన డబ్బు ఏమి చేయవలెను? దినమునకు ఒక రూపాయి చొప్పున దాచుకొనిరి. అదే పొదుపు లక్ష్మి. పదిమంది, పదిహేనుమంది కూడి, ఒక పెట్టె, ఒక పుస్తకము పెట్టుకొని, తమలో అవసరమైన వారికి అప్పు ఇచ్చుకొనుచు, ఒకరికొకరు పూచీపడిరి. రైఫైజన్ పేరు వారు విని యుండరు. ఆయన కనుగొన్న సంగతినే వారు తమంతట తాము కనుగొనిరి. 1995లో మన రాష్ట్రము పరస్పర సహాయ సహకార సంఘముల చట్టమును చేసి, ప్రభుత్వ వాటా లేకుండ, ప్రభుత్వ జోక్యము లేకుండ సంఘములు నడుపుకొనుటకు దారి చూపినది.

ఇదే పద్ధతిని లాభము కొరకు వాడుకొన్నవారు కూడ వచ్చినారు. పదిమంది స్త్రీలను కూర్చుండబెట్టి, ఒకరికొకరి చేత పూచీ వ్రాయించుకొని, వారము వారము వసూలు చేసిన కంపెనీల బాధ ఎంత దూరము పోయినదో 2010లో చూచినాము. ఆ అక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసి వచ్చినది. బయటికి చూచుటకు రెండును ఒకటే. అదే గుంపు, అదే పూచీ, అదే పుస్తకము. పెట్టె ఎవరిది అన్నదొకటే తేడా. సొంత పెట్టె ఉన్నచోట, వాయిదా కట్టలేని దాని ఇంటికి తోటివారు పోయి బిడ్డకు జ్వరమా అని అడుగుదురు. పరుల పెట్టె ఉన్నచోట అదే తోటివారు పోయి గుమ్మములో కూర్చుందురు.

సంఘము మాటకు వత్తుము. మన తెలుగు సంఘములలో పిడికెడు బియ్యము అను ఆచారము తెలియని ఇల్లు లేదు. పూట పూటకు ఎసటిలో పోయబోవు బియ్యములో నుండి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసి, ఆదివారము తెచ్చెదరు. ఇట్టి ఆచారమే ఈశాన్యమున మిజోరము సంఘములలో 1910 నుండి నడుచుచున్నది. అక్కడ దానితోనే గొప్ప పనులు జరిగినవి. ఈ ఆచారములో మాకు నచ్చిన సంగతి ఒకటి గలదు. చేతిలో కాసు లేని ఇంటి ఇల్లాలు కూడ ఇచ్చునదే. పిడికిలి అందరిదీ ఇంచుమించు ఒకటే కొలత. ఇప్పుడు బియ్యమునకు బదులు డబ్బు వేయుట సులభమని చాల చోట్ల ఆ కుండ పోయినది. సులభమే. కాని డబ్బు వేయుచోట కలవారి నోటు, లేనివారి చిల్లర మరల వేరైనవి.

మేము కూడ తప్పులు లేనివారము కాము. మన సంఘమునకు ఉమ్మడి సామాను ఉండెను. పెండ్లికైనను, సమాధి కార్యక్రమమునకైనను అన్నము వండు గుండిగలు, గరిటెలు, పెద్ద జల్లెడ, చాపలు. బాడుగ లేదు, ఎవరికి కావలసిన వారు తీసికొనిపోవుట, కడిగి తెచ్చి పెట్టుట. నమ్మకము మీద నడుచుచున్నదని పుస్తకము పెట్టలేదు. అందరి సామాను ఎవరును లెక్కించలేదు. ఒక సమాధి దినమున వంటకు పూనుకొనగా పెద్ద గుండిగ లేదు. ఎవరి ఇంటనున్నదో ఎవరికిని తెలియదు. ఆ దుఃఖములో నున్న ఇంటివారు బాడుగకు తెచ్చుకొనిరి. ఆ సిగ్గు మాకు ఇప్పటికిని పోలేదు. నమ్మకమునకు పుస్తకము శత్రువని మేము అనుకొన్నాము. నిజమునకు పుస్తకము లేనందుననే ఆ మీద ఒకరినొకరు అనుమానించితిమి.

చెరువులతో మొదలుపెట్టినాము గనుక ఆ సంగతి చెప్పి ముగింతుము. 1997లో సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టము వచ్చి, నీటి వినియోగదారుల సంఘములు ఏర్పడినవి. బోరుబావులు వచ్చిన తరువాత చెరువును చూచువారు తగ్గిరి. ఎవరి బోరు వారిది, ఎవరి మోటారు వారిది. కట్ట మీద కంప పెరిగినది, కాలువలు పూడినవి. నేల క్రింది నీరు ఆ చెరువు నీరేనని, అది ఇంకిననే బోరు పలుకునని వినియు విననట్లున్నాము. అట్లుండగా 2021 నవంబరులో మహా వర్షములు పడినవి. మనకు సమీపమున రామచంద్రాపురము మండలములోని రాయలచెరువు, కృష్ణదేవరాయల కాలపుదని పేరున్న పెద్ద చెరువు, నిండి కట్ట నుండి నీరు కారసాగినది. దిగువ పల్లెలవారిని ఇండ్లు విడిచి ఎత్తు ప్రదేశములకు పొమ్మన్నారు. రాత్రింబగళ్లు ఇసుక మూటలు వేసి కట్టను నిలిపినారు. కట్ట నిలిచినది. ఆ వారము రోజులు ఈ ప్రాంతములో ఎవరిని కదిలించినను చెరువు మాటయే. పై చెరువు ఏది, క్రింది చెరువు ఏది, మన ఊరి మొరవ నీరు ఎటు పోవును అని పిల్లలు అడిగినారు. పెద్దలలో చాలమందికి చెప్ప తెలియలేదు. ఒకరిద్దరు ముసలివారు, ఒకప్పుడు నీరుగంటి ఇండ్లవారు, వ్రేలితో నేల మీద గీసి చూపినారు.

ఆ వర్షముల తరువాతనే మేము గుండిగల పుస్తకము మొదలుపెట్టినాము. సామాను తీసికొన్నవారి పేరు, తేది, తిరిగి ఇచ్చిన తేది, అంతే. నెలకొకసారి ఆరాధన అయిన తరువాత అందరి ఎదుట చదువుదురు. వ్రాయు పని స్త్రీల సమాజము వారిది. చందాలు వేసి క్రొత్త గుండిగ కొన్నాము. పాతది దొరకలేదు. ఈ వ్యాసము వ్రాయునాటికి పుస్తకము ప్రకారము రెండు గరిటెలు, ఒక చాప రావలసియున్నవి. ఎవరి ఇంట నున్నవో మాత్రము ఇప్పుడు అందరికి తెలియును.